అబిడ్స్‌లో పండోరా బ్యాటరీ

పోయిన నెల అలమరా సర్దుతుంటే నా పాత పీఎస్‌పీ బయటపడింది. సోనీ వాళ్ల ప్లేస్టేషన్ పోర్టబుల్, మొదటి మోడల్. 2008లో అమెరికా నుంచి వచ్చిన మా బావ, తను వాడి వదిలేసినదాన్ని నా చేతిలో పెట్టాడు. ఇప్పుడు చూస్తే బ్యాటరీ ఉబ్బిపోయి వెనక మూతని పైకి తోసేస్తోంది. బ్యాటరీ తీసేసి ఛార్జర్ తగిలిస్తే ఆన్ అయింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ చూశాను. 5.00 ఎం33-6 అని ఉంది.

పాత పుస్తకం వెనక అట్ట మీద ధర చూసి అది ఏ దశాబ్దందో చెప్పేస్తాం కదా, ఈ నంబరూ అలాంటిదే. 5.00 అనేది సోనీ 2008 అక్టోబర్‌లో ఇచ్చిన వర్షన్. ఎం33 మాత్రం సోనీ పెట్టిన పేరు కాదు. సోనీ సాఫ్ట్‌వేర్‌ని విప్పి, తాళాలు తీసేసి, మళ్లీ బిగించిన బయటివాళ్ల ముద్ర అది. దీన్నే కస్టమ్ ఫర్మ్‌వేర్ అంటారు. సోనీ చివరిగా ఇచ్చిన వర్షన్ 6.61, 2015 జనవరిది. నా మెషీన్‌ని అక్కడిదాకా తెద్దామనుకున్నాను. తెలిసినవాడికి గంట పని. నాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో సగం అబిడ్స్‌లో తిరగడానికీ, మిగతా సగం నాతో నేను వాదించుకోవడానికీ పోయింది.

ముందు ఆ తాళాల కథ చెప్పాలి.

పీఎస్‌పీ జపాన్‌లో 2004 డిసెంబర్ 12న, అమెరికాలో 2005 మార్చిలో అమ్మకానికి వచ్చింది. 480 బై 272 పిక్సెళ్ల తెర, 32 ఎంబీల మెమరీ. ఆటలు యూఎండీ అనే చిన్న డిస్కుల మీద వచ్చేవి. ఒక్కోదాంట్లో 1.8 జీబీ పట్టేది. సోనీ సంతకం లేని ప్రోగ్రాం ఏదీ అందులో నడవకూడదన్నది కంపెనీ నియమం. సంతకం అంటే ఇక్కడ గణితం. కంపెనీ దగ్గర మాత్రమే ఉండే ఒక రహస్య సంఖ్యతో వేసిన ముద్ర.

నియమం పెట్టిన ఏడాదిలోపే దానికి కన్నాలు పడ్డాయి. 1.50 వర్షన్‌లో ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు చేసి, ఒకదాని చివర పర్సెంట్ గుర్తు పెడితే చాలు, కాపలావాడు ఒక ఫోల్డర్‌ని చూసి సరే అని రెండోదాన్ని లోపలికి పంపేవాడు. సోనీ అది మూసింది. 2.00లో ఒక టిఫ్ ఫొటో తెరిస్తే చాలు, తలుపు తెరుచుకునేది. అదీ మూసింది. ఆ తర్వాత ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: లిబర్టీ సిటీ స్టోరీస్’ అనే ఆటలో సేవ్ ఫైల్ దారి అయింది. ఒక కన్నం, దానికో అప్‌డేట్, మళ్లీ ఇంకో కన్నం. 2006లో డార్క్ అలెక్స్ అనే మారుపేరుతో ఒక స్పెయిన్ ప్రోగ్రామర్ కన్నాలు వెతకడం మానేసి, సోనీ కొత్త ఫర్మ్‌వేర్‌నే తీసుకుని తనకి కావలసినట్టు మార్చి కట్టడం మొదలుపెట్టాడు. అతను 2007లో తప్పుకున్నానని ప్రకటించాక ఎం33 పేరుతో వర్షన్లు రావడం మొదలైంది.

ఇవన్నీ చేయాలంటే మెషీన్ పాత వర్షన్‌లో అయినా ఉండాలి, లేదా దాన్ని వెనక్కి తెచ్చే ఉపాయమైనా ఉండాలి. 2007 ఆగస్టులో ఆ ఉపాయం దొరికింది. దాని పేరే పండోరా బ్యాటరీ. పీఎస్‌పీ బ్యాటరీలో ఒక చిన్న చిప్ ఉంటుంది. అందులో ఒక సీరియల్ నంబర్. ఆ నంబర్ స్థానంలో ఎఫ్ అనే అక్షరం వరసగా ఎనిమిదిసార్లు ఉంటే, మెషీన్ తన లోపలి ఫర్మ్‌వేర్‌ని పట్టించుకోదు. మెమరీ స్టిక్ మీద ఏముందో దాన్ని చదివి లేస్తుంది. సర్వీస్ సెంటర్లలో పాడైన మెషీన్లు బాగుచేసుకోవడానికి సోనీ పెట్టుకున్న దొడ్డిదారి అది. బయటివాళ్లకి తెలిసిపోయింది. మామూలు బ్యాటరీనే విప్పి, చిప్ కాలు ఒకటి లేపితే పండోరా అయిపోయేది. చచ్చిన మెషీన్ లేచేది. తాళం వేసిన మెషీన్ తెరుచుకునేది.

*

నేను అప్పుడు ఇంజినీరింగ్‌లో ఉన్నాను. నాంపల్లి స్టేషన్ దగ్గర రెడ్‌హిల్స్‌లో ముగ్గురం ఒక రూమ్. సాయంత్రమైతే స్టేషన్ రోడ్డు మీదుగా అబిడ్స్‌కి నడుచుకుంటూ పోవడం అలవాటు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన అక్కడ దుకాణం పెట్టాడు, ఆ దుకాణం పేరే ఊరి పేరయింది. కాబట్టి అబిడ్స్ పుట్టుకే కొనుగోళ్ల మీద. జనవరి వస్తే నాంపల్లిలో నుమాయిష్. 1938లో మొదలైన ఎగ్జిబిషన్ అది. చిన్నప్పుడు మా నాన్న నాకు మొదటి బ్రిక్ గేమ్ కొనిపెట్టింది అక్కడే. 9999 ఆటలు అని డబ్బా మీద ఉండేది. నిజానికి పది కూడా ఉండవు. అయినా ఎవరూ మోసపోయామనుకోలేదు.

పీఎస్‌పీ పట్టుకుని ఒక సందులో మొదటి అంతస్తు షాపుకి వెళ్లాను. మెట్ల మీద వెళ్తుంటే సోల్డరింగ్ వాసన. కౌంటర్ వెనకాయన నా మెషీన్ తీసుకుని, తన డ్రాయర్‌లోంచి ఇంకో బ్యాటరీ తీసి బిగించాడు. ఆ బ్యాటరీ మీద ఎర్ర స్కెచ్ పెన్‌తో ఒక చుక్క. పది నిమిషాలు. మూడు వందలు. ఇచ్చేటప్పుడు ఒక్క మాటే చెప్పాడు: “అప్‌డేట్ నక్కో కరో భాయ్, డబ్బా హో జాయేగా.” అప్‌డేట్ చేయొద్దు, డబ్బా అయిపోతుందని. ఆ మాట నేను తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక కూడా చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. మా మేనేజర్లు ఎప్పుడూ దీనికి తిరగేసి చెప్పేవాళ్లు.

మెమరీ స్టిక్ నిండా ఆటలు కూడా ఆయనే వేసిచ్చాడు. ఒక్కటి కూడా కొన్నది కాదు. ఆ సంగతి దాచి ఈ వ్యాసం రాయలేను.

ఆటలతో పాటు నాకు ఇంకోటి దొరికింది. బుకర్ అని ఒక ప్రోగ్రాం. ఎవరో సరదాగా రాసి ఉచితంగా ఇచ్చింది. పీడీఎఫ్‌లు చదివేది. పీఎస్‌పీ మెనూకి సోనీ డజను భాషలిచ్చింది. వాటిలో మన దేశపు భాష ఒక్కటీ లేదు. దాని బ్రౌజర్‌లో తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలు కనిపించేవి. కానీ స్కాన్ చేసిన పుస్తకానికి ఫాంట్‌తో పనేముంది? పేజీ అంటే బొమ్మే కదా. అలా ఒక రాత్రి నాంపల్లి రూమ్‌లో, లైటు తీసేశాక, పీఎస్‌పీని నిలువుగా తిప్పి పట్టుకుని శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు చదివాను. పేజీ తిరగడానికి నాలుగైదు సెకన్లు పట్టేది. ఒత్తులు మసగ్గా ఉండేవి. మా ఇంట్లో తెలుగు పుస్తకాలు లేవు. నేను తెలుగు పాఠకుణ్ణి అయింది ఆ తెర మీదే. తాళం విప్పకపోతే ఆ మెషీన్‌కి తెలుగు రాదు, నాకూ రాకపోను.

ఇలా అంటే మరీ అందంగా ఉంటుంది, ఇంజినీర్‌ని కాబట్టి సరిచేయాలి. పేజీలన్నీ జేపెగ్ ఫొటోలుగా మార్చుకుంటే సోనీ సొంత ఫొటో వ్యూయర్‌లోనూ చదవొచ్చు. కానీ ఎక్కడ ఆపామో గుర్తుండదు. బుకర్‌లో బుక్‌మార్క్ ఉండేది.

ఆ స్కాన్లు ఎక్కడివి? డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చినవి. కార్నెగీ మెలన్‌లో ఉన్న మన చిత్తూరు జిల్లా కాటూరు వాడు రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగం అది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా అందులో ఉంది. తర్వాతి సంవత్సరాల్లో ఆ సైటు మూతపడింది. కాపీరైట్ చిక్కులూ అందుకు కారణమే. ఈలోగా కార్ల్ మలమూద్ అనే అమెరికన్ ఆ పుస్తకాల్ని లక్షల్లో కాపీ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టేశాడు. ఈ రోజు మనం చదువుతున్న పాత తెలుగు పుస్తకాల స్కాన్లలో చాలావరకు ఆ కాపీలే. అసలు ఇల్లు పోయింది. అడగకుండా పట్టుకుపోయినవాడి దగ్గర సామాను మిగిలింది.

ఇంకో లెక్క కూడా ఉంది. శ్రీపాద 1961లో చనిపోయారు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి. అంటే 2022 దాకా ఆయన కథలు అందరివీ కావు. 2009లో నేను చదివిన కాపీ చట్టం లెక్కన ఏమవుతుందో మీరే చూసుకోండి.

*

ఇక అప్‌డేట్ దగ్గరకొస్తాను.

ఎందుకు చేయాలి? నా దగ్గర డబ్బు పెట్టి కొన్న యూఎండీ ఒకటి ఉంది, ‘గాడ్ ఆఫ్ వార్: ఘోస్ట్ ఆఫ్ స్పార్టా’. 2010 నవంబర్ ఆట. ఉద్యోగం వచ్చాక కొన్న మొదటి డిస్క్ అది. అది 5.00 మీద నడవదు. తర్వాతి ఆటలకి సోనీ కొత్త తాళంచెవులు వాడింది, పాత ఫర్మ్‌వేర్‌లో అవి లేవు. డిస్క్‌లోనే అప్‌డేట్ కూడా పెట్టి ఇచ్చేవాళ్లు. అంటే నిజాయితీగా కొన్నవాడికి మెషీన్ పెట్టే షరతు: ముందు నీ పాత చదువంతా మర్చిపో, అప్పుడు ఆడనిస్తాను. అందుకే పద్నాలుగేళ్లుగా ఆ డిస్క్ అట్టపెట్టెలోనే ఉంది.

ఇప్పుడు ఆ షరతు లేదు. 2010 డిసెంబర్‌లో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సభలో ఫెయిల్ ఓవర్‌ఫ్లో అనే బృందం ప్లేస్టేషన్ 3 మీద ఒక సంగతి బయటపెట్టింది. సంతకం వేసిన ప్రతిసారీ కొత్తగా ఎంచుకోవాల్సిన ఒక సంఖ్యని సోనీ మార్చకుండా ప్రతిసారీ అదే వాడింది. రెండు సంతకాలు పక్కపక్కన పెడితే రహస్యం లెక్కగట్టేయొచ్చు. ఆ ప్లేస్టేషన్ 3 లోపల పీఎస్‌పీ ప్రోగ్రాములపై సంతకం పెట్టే తాళంచెవులు కూడా ఉన్నాయి. కొద్ది వారాల్లోనే అవీ బయటికొచ్చాయి. దాంతో బ్యాటరీ విప్పే పని లేకుండా పోయింది. సోనీ 6.61 ఫైల్‌ని మెమరీ స్టిక్‌లో గేమ్ ఫోల్డర్ కింద అప్‌డేట్ అనే ఫోల్డర్‌లో పెట్టి నడపడం, తర్వాత దాని మీద ప్రో అనే కస్టమ్ ఫర్మ్‌వేర్ వేసుకోవడం. అంతే పని.

మరి రెండు వారాలెందుకు? రెండు భయాలు.

మొదటిది బుకర్. నా దగ్గరున్నది 1.50 కాలంలో కట్టిన కాపీ. మొదటి మోడల్ పీఎస్‌పీలో ఎం33 వాళ్లు 1.50 కెర్నెల్‌ని కూడా ఒక మూల దాచి ఉంచారు, పాత ప్రోగ్రాములు వచ్చినప్పుడు మెషీన్ పాత రూపంలోకి వెళ్లి నడిపించేది. 6.61లో ఆ ఏర్పాటు లేదు. కొత్త ఆట కావాలంటే పాత చదువరి పోతాడు. తెలుగు డీటీపీ చేసినవాళ్లకి ఇది కొత్త బాధ కాదు. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు యూనికోడ్ కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు వస్తాయి. యూనికోడ్ రావడం మంచిదే, ఎవరూ కాదనరు. కానీ మార్చుకోకుండా వదిలేసిన ఫైళ్లలో ఎన్ని కథలున్నాయో ఏ అప్‌డేటూ చెప్పదు.

రెండోది బ్యాటరీ. అప్‌డేట్ సాఫీగా ముగిస్తే, వెనక్కి రావడానికి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ దారి ఉంది, క్రోనోస్విచ్ అని. కానీ ఫ్లాష్ మెమరీ రాస్తుండగా కరెంటు పోతే మెషీన్ ఇక లేవదు. అందుకే ఛార్జర్ ఉన్నా సరే, తగినంత ఛార్జ్ ఉన్న బ్యాటరీ లేకపోతే సోనీ అప్‌డేటర్ మొదలే పెట్టదు. మధ్యలో పోతే లేపడానికి కావలసింది మళ్లీ ఆ పండోరాయే.

శనివారం అబిడ్స్ వెళ్లాను. ఆ మెట్లు ఉన్నాయి. పైన ఆ షాపు లేదు, ఫోన్ కవర్లూ టెంపర్డ్ గ్లాసులూ అమ్ముతున్నారు. కుర్రాడికి పీఎస్‌పీ చూపిస్తే “గిది ఏంది అన్నా, ట్యాబా?” అన్నాడు. నాలుగు షాపులు తిరిగాక ఒక పెద్దాయన గుర్తుపట్టాడు. డబ్బాలో వెతికి ఒక కొత్త బ్యాటరీ తీశాడు, సోనీది కాదు, నకలు. పండోరా ఉందా అని అడిగితే నవ్వాడు. “అవన్నీ ఉబ్బిపోయినయ్ సార్. మున్సిపాలిటీ బండ్లె ఏసిన.” తాళం పెట్టినవాడూ పోయాడు, తాళం తీసినవాడూ పోయాడు, తాళంచెవి చెత్తబండిలో పోయింది.

మర్నాడు ఆదివారం మళ్లీ వెళ్లాను, ఈసారి పుస్తకాలకి. షాపులు మూసి ఉంటాయి కాబట్టే ఆ షట్టర్ల ముందు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నిన్న తిరిగిన షాపుల ముందే ఇవాళ మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతున్నాను. పాత గేమ్ డిస్కులు కూడా అప్పుడప్పుడు వస్తుంటాయి. నాకు ఒక డిస్క్ కావాలి. దాని కథ చెప్పి ముగిస్తాను.

*

2009లో హైదరాబాద్‌కి చెందిన అరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ప్లేస్టేషన్ 2 ఆట చేసింది. ఆ తర్వాత హైదరాబాద్‌దే అయిన గేమ్‌శాస్త్ర ‘దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా’ చేసింది. అది పీఎస్‌పీకి కూడా వచ్చింది. కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాలు. మనం వీధిలో ఆడుకున్నవి సోనీ డిస్క్ మీద, సోనీ సంతకంతో. ఆ మెషీన్ మెనూలో చోటు దొరకని మన ఊరు, డిస్క్ రూపంలో లోపలికి వచ్చింది.

నా రూమ్మేట్ అప్పటికి నగరంలో ఒక గేమ్ స్టూడియోలో టెస్టర్‌గా చేరాడు. ఏ స్టూడియో అన్నది ఇక్కడ అనవసరం. రోజుకి పన్నెండు గంటలు ఒకే గోడకి ఒకే బొమ్మని గుద్దించి, ఎన్నోసారి లోపలికి దూరిపోతుందో రాసేవాడు. ఒక రాత్రి నేను మామూలుగా అడిగాను, “మామా, దేశీ అడ్డా కాపీ ఎక్కడైనా దొరుకుతుందా?” వాడు తింటున్న ప్లేటు కింద పెట్టాడు.

“రేయ్, అమెరికావోడి ఆట దొబ్బితే నేనేం అన్లే. ఇది మనూళ్లో చేసింది. దీన్ని కూడా కాపీ అడుగుతున్నవ్. కొనేటోడే లేకపోతే నా నౌకరీ ఎవడిస్తడ్రా?”

నా దగ్గర జవాబు లేదు. తాళం తీస్తే తెలుగు చదవొచ్చు అన్నది నిజం. తాళం తీసినవాళ్లలో ఎక్కువమంది చదవడానికి తీయలేదన్నదీ నిజం. 2012లో మన కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ కూడా దాదాపు ఇదే గీత గీసింది. హక్కులు కొల్లగొట్టే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరం. మరి ఉద్దేశం ఎక్కడుంటుంది? నా మెమరీ స్టిక్‌లో శ్రీపాద ఫోల్డరూ, దొంగ ఆటల ఫోల్డరూ పక్కపక్కనే ఉండేవి.

నేను దేశీ అడ్డా కొనలేదు. కాపీ కూడా చేయలేదు. మా వాడి మొహం చూసి ఆ సంగతే వదిలేశాను. ఇప్పుడనిపిస్తుంది, ఆ రెండింటిలో ఏదో ఒకటి చేసి ఉంటే ఆ ఆట నా దగ్గర ఉండేది. ఎం33 మెషీన్‌లో యూఎండీ పెట్టి కంప్యూటర్‌కి కలిపితే డిస్క్ మొత్తం ఒక ఫైల్‌గా దిగేది. పదినిమిషాల పని. కొన్నవాడు అలా దించుకుంటే అది ప్రోగ్రాంకి చట్టమే ఒప్పుకున్న బ్యాకప్.

ఆదివారం ఆ డిస్క్ దొరకలేదు. పీఎస్‌పీ ఆన్‌లైన్ దుకాణంలో కొనుగోళ్లని సోనీ 2021 జూలైలో ఆపేసింది. ఇప్పుడు ఆ ఆట నాకు దొరకాలంటే, 2010లో ఎవరో ఒకడు, మా రూమ్మేట్ తిట్టిపోసిన రకంవాడు, దాన్ని కాపీ చేసి ఎక్కడో పడేసి ఉండాలి.

అప్‌డేట్ చేశాను. ముందు మెమరీ స్టిక్ మొత్తం మూడు చోట్ల కాపీ పెట్టుకున్నాను. నకలు బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, ఛార్జర్‌ని ఇన్వర్టర్ ప్లగ్గుకి పెట్టి, ఫ్యాన్ కూడా ఆపేసి కూర్చున్నాను. పచ్చ లైటు ఆరకుండా ఆరు నిమిషాలు. 6.61 అని వచ్చింది. దాని మీద ప్రో. ఘోస్ట్ ఆఫ్ స్పార్టా పద్నాలుగేళ్ల తర్వాత తిరిగింది. బుకర్ నొక్కితే నల్ల తెర. దాని బుక్‌మార్క్ ఫైలు మాత్రం స్టిక్ మీద అలాగే ఉంది, చదివేవాడు లేకుండా.

ఆ రాత్రి మా రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. వాడిప్పుడు గేములు వదిలేసి బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. ఇద్దరు పిల్లలు. సంగతంతా చెప్పి, దేశీ అడ్డా కోసం వెతుకుతున్నానన్నాను. పాత గొడవ గుర్తుందో లేదో తెలీదు. కాసేపు ఏం మాట్లాడలేదు.

“దొరికిందనుకో,” అన్నాడు, “నాకూ ఒకటి పంపు మామా. పిల్లలకి గిల్లీదండా అంటే ఏందో చూపియ్యాలె.”